ఇనుప కడీలు కొంటున్నారా? పాతకముందే తూకం వేయించండి

కంచెకు ఇనుప యాంగిల్ (L ఆకారపు) కడీలు కొని, కూలీలు లేకుండా సొంతంగా పాతుకుందామనుకునేవాళ్లకు ఈ జాగ్రత్త. నాకు డబ్బూ పోయింది, నడుమూ పోయింది.

నేను అడిగింది 40×40 మిల్లీమీటర్ల యాంగిల్, 5 మి.మీ. మందం, 2 మీటర్ల పొడవు, జింకు పూతతో 60 కడీలు. సరుకు వచ్చిన రోజు కట్టల పైనున్న నాలుగైదింటికి కొలత పెట్టి చూశాను, సరిగ్గానే ఉన్నాయి. మిగతావి దింపించేసి డబ్బు కట్టేశాను. దెబ్బతిన్నది అక్కడే.

మొదటి పది పన్నెండు బాగానే దిగాయి. ఆ తర్వాతది నాలుగు దెబ్బలకే మెలి తిరిగింది. కింద రాయి ఉందేమోనని చోటు మార్చాను. అక్కడా అంతే. మూడోది ఏకంగా నడిమికి వంగిపోయింది. అప్పుడు గానీ నాకు అనుమానం రాలేదు. ఆ కొలతకు 5 మి.మీ. యాంగిల్ మీటరుకు సుమారు 3 కిలోలు తూగాలి, అంటే కడీ ఒక్కంటికి 6 కిలోలు. కాటా మీద పెడితే మూడున్నర కిలోల పైచిలుకు చూపించింది. 3 మి.మీ. సరుకన్నమాట! మందంవి పైన పేర్చి, పలచవి లోపల దాచారు. మొత్తం 360 కిలోలు ఉండాల్సింది 250 కూడా లేదు.

ఇక జింకు పూత. అదీ పూత కాదు, ఉత్త వెండి రంగు పెయింటే. థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడిస్తే రంగంతా గుడ్డకే వచ్చింది. అసలు పూత అలా రాదు. తీగ కట్టే రంధ్రాల లోపల కూడా చూడండి. కోసి, రంధ్రాలు వేశాక కరిగిన జింకులో ముంచిన సరుకైతే అక్కడా పూత ఉంటుంది. నావాటిలో పచ్చి ఇనుమే, అప్పటికే తుప్పు మొదలైంది.

దిగగొట్టే గొట్టం కూడా అక్కడే కొన్నాను. ఒక చివర మూసేసి, అటూ ఇటూ పిడులు పెట్టిన బరువైన పైపు అది; తెరిచి ఉన్న మూతిని కడీ తలకు తొడిగి, ఎత్తి కిందికి కొట్టాలి. సమ్మెటతో కొడితే కడీ తల విచ్చుకుపోతుంది కాబట్టి ఇదే మేలు, కాదనను. కానీ దాని మూతకు పైపైన టాకాలే వేశారు, రెండో రోజుకే చీలిక కనిపించింది. చుట్టూ నిండుగా వెల్డింగ్ ఉన్నదే తీసుకోండి. ఇంకో మాట, ఇందులో దుకాణం తప్పు లేదు, నాదే: ఊపులో గొట్టాన్ని మరీ పైకి లేపాను, మూతి కడీ తల దాటి బయటికొచ్చి నా భుజం మీద పడింది. చెవి పక్కనుంచే వెళ్లింది. హెల్మెట్ లేకుండా ఆ పనికి దిగకండి. చెవుల్లో దూదైనా చాలనుకోవద్దు, చప్పుడు ఆపే మఫ్‌లే పెట్టుకోండి.

దుకాణానికి ఫోన్ చేస్తే, "పాతినవి వెనక్కి తీసుకోం, మిగతావాటికి బిల్లు చూపించండి" అన్నారు. చూస్తే బిల్లులో "యాంగిల్ కడీలు 60" అని తప్ప మందమూ లేదు, బరువూ లేదు, పూత మాటే లేదు. మీరు కొనేటప్పుడు ఈ మూడూ రాయించుకుని, బండి దించకముందే మొత్తం తూకం వేయించండి. నేనైతే వంగినవాటిని గునపంతో ఒక్కొక్కటే పెకిలిస్తున్నాను. పాతడం కన్నా పీకడమే కష్టంగా ఉంది.