చిగుళ్ళ చికిత్స తర్వాత సందుల బ్రష్: కొన్నేళ్ళ వాడకంలో తెలిసింది

చిగుళ్ళ జబ్బుకు డీప్ క్లీనింగ్ (చిగురు కింద దాకా గార తీయడం) చేయించుకున్నాక ఏం కొనాలని ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఇంటర్‌డెంటల్ బ్రష్ గురించే. పళ్ళ సందుల్లో దూర్చి తోమే చిన్న కుచ్చు బ్రష్ అది. కొన్నేళ్ళుగా రోజూ రాత్రి వాడుతున్నాను. ఖరీదైన పేస్టులూ మౌత్‌వాష్‌లూ చేయలేని పని ఇది చేసింది.

గార తీసేశాక వాపు తగ్గి చిగుళ్ళు వెనక్కి వెళ్తాయి. పళ్ళ మధ్య ముక్కోణపు ఖాళీలు బయటపడతాయి. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని మనవాళ్ళు భయపడేది వీటిని చూసే. నిజానికి పళ్ళను పట్టి ఉంచే ఎముకను తినేసింది జబ్బు, క్లీనింగ్ కాదు. ఇన్నాళ్ళూ గారా వాపూ కలిసి ఆ ఖాళీని కప్పి ఉంచాయి, అంతే. అక్కడికి మామూలు బ్రష్ చేరదు. ఫ్లాస్ దూరుతుంది గానీ, పంటి వేరు పక్కన ఉండే పల్లం మీదుగా జారిపోతుంది. కుచ్చు మాత్రం ఆ పల్లంలోకీ వెళ్తుంది.

అసలు కిటుకు సైజులో ఉంది. నాకు ముందు పళ్ళకు 0.5 మి.మీ., దవడ పళ్ళకు 0.8 కావాలి. తీగ పంటికి తగలకూడదు, కుచ్చు రెండు వైపులా ఒరుసుకోవాలి. రంగులు కంపెనీకో రకంగా ఉంటాయి, వాటిని నమ్ముకోవద్దు. మొదటిసారి డాక్టరు చేతే సైజులు చూపించుకోండి. బలవంతంగా తోస్తే చిగురు గాయపడుతుంది, తీగ వంగి తెగుతుంది. మామూలు మెడికల్ షాపుల్లో అన్ని సైజులూ దొరకవు, అదొక ఇబ్బంది. వెనక పళ్ళకైతే వంపు తిరిగిన పొడుగు పిడి ఉన్నదే నయం.

అయినా మూడు నెలలకోసారి డాక్టరు దగ్గరికి వెళ్తూనే ఉన్నాను. చిగురు కింద లోతుగా ఏర్పడిన సంచుల్లోకి ఈ బ్రష్ దిగదు, అక్కడ బాక్టీరియా కొన్ని వారాల్లోనే మళ్ళీ పెరుగుతుంది. వెళ్ళినప్పుడల్లా ఆ సంచుల లోతు కొలిపించి, అంకెలు రాయించుకోండి. 3 మి.మీ. వరకు పర్వాలేదు. నాకు ఒక దవడ పన్ను దగ్గర 6 ఉన్నది 4కి దిగింది, అక్కడే నిలబడింది. షుగర్ ఉన్నవాళ్ళు ఈ చెకప్ అస్సలు వాయిదా వేయొద్దు, షుగర్ పెరిగితే చిగుళ్ళూ, చిగుళ్ళు చెడితే షుగరూ అదుపు తప్పుతాయి.

కొత్తగా వాడేవాళ్ళకు మొదటి రోజుల్లో రక్తం కనిపిస్తుంది. టెన్షన్ పడి మానేయకండి, వాపు తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది. రెండు వారాలైనా ఆగకపోతే వెళ్ళి చూపించుకోండి.