విజయనగరంలో పిల్లల థెరపీ సెంటర్: 8 నెలల మా అనుభవం

రెట్ సిండ్రోమ్ (వచ్చిన మాటలు, చేతుల వాడకం పోయే జన్యు జబ్బు) ఉన్న పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లొచ్చా అని అడుగుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. మేం చీపురుపల్లి నుంచి వారానికి 2 సార్లు వెళ్తున్నాం.

మా పాపకు 6 ఏళ్లు. ఏడాది దాటేవరకు అందరి పిల్లల్లాగే ఉంది, అమ్మ, తాత అనేది, బిస్కెట్ తనే పట్టుకుని తినేది. ఏడాదిన్నర వచ్చేసరికి ఆ మాటలు పోయాయి, దేన్నీ పట్టుకోదు, పొద్దస్తమానం రెండు చేతులూ బట్టలు పిండినట్టు పిండుకుంటూనే ఉంటుంది. మాటలు లేటని ఒకరు, దిష్టి అని ఇంట్లోవాళ్లు, చివరికి జన్యు పరీక్షలో ఎంఈసీపీ2 జన్యువులో లోపమని, రెట్ సిండ్రోమ్ అని తేలేసరికి 3 ఏళ్లు నిండాయి. సుమారు 10,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి వచ్చే జబ్బు ఇది. మేనరికమా అని అడగని మనిషి లేరు. మాది బయటి సంబంధమే, అయినా ఇది దాదాపు ఎప్పుడూ బిడ్డలో కొత్తగా వచ్చే మార్పే, మేనరికంతో పనిలేదు. సెంటర్‌లో థెరపీ చేసే మేడమ్ మొదటిరోజే ఈ సంగతి మా అత్తగారికి కూర్చోబెట్టి చెప్పారు. నాకు అక్కడే ఏడుపొచ్చేసింది.

ఆవిడ ముందు పాపను పలకరిస్తారు, తర్వాతే నన్ను. ఇడ్లీ బొమ్మ ఒకటి, నీళ్ల గ్లాసు బొమ్మ ఒకటి కాస్త ఎడంగా పట్టుకుని "ఏది కావాలి తల్లీ" అని అడిగి ఊరుకుంటారు. ఈ పిల్లలకు జవాబివ్వడానికి టైం పడుతుంది, మనం ఆగలేక రెండోసారి అడిగేస్తాం, అదే తప్పట. మూడో వారంలో పాప కళ్లు మెల్లగా నీళ్ల వైపు తిరిగి అక్కడే ఆగాయి. గ్లాసు ఇస్తే గటగటా తాగేసింది. ఎడమ మోచేతికి మెత్తటి పట్టీ వేస్తే పిండుకోవడం ఆగి కుడిచేయి ఖాళీ అవుతుంది, ఇప్పుడు నేను చెయ్యి కింద ఆసరా ఇస్తే చెంచా నోటిదాకా తెచ్చుకుంటోంది. మాట వస్తుందనీ నయమైపోతుందనీ ఆశ పెట్టరు. వెన్ను వంగుతోందేమో మాత్రం ప్రతి నెలా చూస్తారు.

ఇబ్బంది ఒక్కటే, రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. 16 కిలోల పిల్లను ఎత్తుకుని ఎక్కాలి, ఇద్దరు పెద్దవాళ్లు వెళ్లండి. దసరా తర్వాతి మంగళవారం సిరిమానోత్సవం, ఆ జనంలో పిల్లతో ఊళ్లోకి రాలేం, ఆ వారం ముందే ఫోన్ చేసి రోజు మార్చుకోండి.