ఫిలో షీట్లతో ఓవెన్ సమోసా: రెండు యూరోల ప్యాకెట్ పనికొస్తుందా?

జర్మనీలో ఫ్లాట్‌లో ఉంటూ మూకుడు నిండా నూనె పోసి సమోసాలు వేయించడం ఎంత తలనొప్పో ఇక్కడున్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వంటిల్లు హాల్లోనే కలిసిపోయి ఉంటుంది, చలికాలంలో కిటికీ తీయలేం, తలుపు దగ్గర వేలాడే కోట్లకి ఆ వాసన పట్టుకుంటే మర్నాడు ట్రైన్‌లో పక్కవాడికి కూడా మనం ఏం తిన్నామో తెలిసిపోతుంది. దాంతో ఓవెన్‌లో చేద్దామని మొదలుపెట్టి, మామూలు సమోసా పిండే కలిపి, పళ్లు నొప్పెట్టేంత గట్టి ముక్క నమిలి, ఇక ఈ గొడవ వద్దని వదిలేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

గొడవంతా పైపిండితోనే. సమోసాకి మనం మైదాలో వాము, నెయ్యో డాల్డానో వేసి గట్టిగా కలుపుతాం కదా, ఆ పిండి నూనెలో వేగడానికి కుదిరింది. నూనెలో వేడి అన్ని వైపుల నుంచీ ఒక్కసారే తగులుతుంది. ఓవెన్‌లో గాలి నెమ్మదిగా వేడెక్కిస్తుంది, రంగు తిరిగేలోపే పిండిలో తడంతా ఆరిపోయి బిగుసుకుపోతుంది. కాబట్టి ఓవెన్‌లో పెట్టడానికే పుట్టిన పిండి కావాలి, అది ఇక్కడ దాదాపు ప్రతి సూపర్ మార్కెట్ ఫ్రిజ్‌లోనూ ఉంది, కాగితంలా పల్చటి షీట్లుగా, ఫిలో అని. ప్యాకెట్ మీద ఫిలోటైగ్ అని ఉంటుంది, వెన్న, చీజ్ పెట్టే చోటే వెతకండి. గ్రీకులు పాలకూర, ఫెటా అనే ఉప్పటి తెల్ల చీజ్ పెట్టి చేసే త్రికోణాలు దీంతోనే.

ప్యాకెట్ 250 గ్రాములు, లోపల పదిదాకా షీట్లు చుట్ట చుట్టి ఉంటాయి, ధర రెండు యూరోలకి అటూ ఇటూ. లోపల ఏముందో చదివితే గోధుమ పిండి, నీళ్లు, కాస్త నూనె, ఉప్పు, అంతే. నేను కొన్నవాటిలో గుడ్డు లేదు, వెన్న కూడా లేదు, శాకాహారులకి ఇబ్బంది లేదు. ఇక చికాకు ఎక్కడంటే, షీటు బయట పెట్టిన కాసేపటికే ఎండిపోయి అంచుల నుంచి పగలడం మొదలవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే విప్పినా విరుగుతుంది. చుట్టని అరగంట ముందే బయట పెట్టాలి, విప్పాక తడి గుడ్డని గట్టిగా పిండేసి షీట్ల మీద కప్పి ఒక్కొక్కటే లాక్కోవాలి. ఒక డిస్కౌంట్ షాపు ప్యాకెట్‌లో అయితే మడత దగ్గర షీట్లన్నీ అతుక్కుపోయి సగం చెత్తబుట్టలోకే వెళ్లాయి, తేదీ దగ్గరపడ్డ ప్యాకెట్లతో ఈ రిస్క్ ఎక్కువ, అందుకే ఇప్పుడు వెనక వరసలోంచి తీస్తాను.

హైదరాబాద్ ఇరానీ హోటల్లో చాయ్‌తో చిన్న ఉల్లి సమోసాలు తిన్నవాళ్లకి దీని రుచి కొత్తగా ఉండదు. అక్కడా పల్చటి పట్టీలే, మడతలే, కరకరే. పంజాబీ సమోసా లావాటి పైపొర, గుల్లదనం కావాలంటే మాత్రం ఫిలో ఆ పని చేయదు, ముందే చెప్తున్నా.

పక్కనే పఫ్ షీట్ కూడా ఉంటుంది, బ్లెటర్‌టైగ్ అని, 275 గ్రాముల రోల్, బేకింగ్ పేపర్‌తో సహా చుట్టి ఇస్తారు. పని చాలా సులువు, పిల్లలు కూడా చేసేస్తారు. కానీ బయటికొచ్చేది మన ఊళ్లో బేకరీ అద్దాల పెట్టెలో పొద్దున్నే పేర్చే కర్రీ పఫ్, దానికి సమోసా అని పేరు పెట్టి కెఫేల్లో నాలుగైదు యూరోలు తీసుకుంటున్నారు! కర్రీ పఫ్ నాకూ ఇష్టమే, కాకపోతే బేక్ చేశాం కాబట్టి నూనె తక్కువ అనుకుని తినేవాళ్లు ఒకసారి ప్యాకెట్ వెనక చూడండి, నూరు గ్రాములకి కొవ్వు ఇరవై గ్రాముల పైనే ఉంటుంది, అంటే వేయించకుండానే నూనె లోపలికి వెళ్లిపోయింది. వెన్నతో చేసింది కాకపోతే తిన్నాక నాలుక మీద ఒక జిడ్డు పొర కూడా మిగులుతుంది. ఫిలోలో నూనె ఎంత వేయాలో మన చేతిలో ఉంటుంది, నాకు అదే నచ్చింది.

టర్కీ వాళ్ల షాపుల్లో త్రికోణాలుగా కోసిన యూఫ్కా అనే పిండి రేకులు దొరుకుతాయి, చవక, ఫిలో కన్నా మందం, చిరగవు. కొత్తగా చేసేవాళ్లకి ఇవి మేలు. ఉత్త నూనె రాసి కాలిస్తే మాత్రం నమలలేం, పెరుగులో నూనె, కొంచెం నీళ్లు గిలక్కొట్టి రెండు వైపులా రాయాలి.

ఇప్పుడు లోపలి కూర. యూరప్ రుచి అని నేను వేసేది లీక్, ఫెటా, కాస్త థైమ్ అనే వాసన ఆకు. లీక్ అంటే ఉల్లికాడల జాతే, చెయ్యంత లావున ఉంటుంది, ఆకుల మధ్య ఇసుక దాక్కుని ఉంటుంది కాబట్టి నిలువుగా చీల్చి కడగాలి. సన్నగా తరిగి జీలకర్ర, పచ్చిమిర్చి, అల్లంతో మగ్గిస్తే ఉల్లి ఘాటు లేకుండా తియ్యగా అవుతుంది, కానీ నీళ్లు వదుల్తూనే ఉంటుంది. ఫిలోకి తడి పడదు. అందుకని ఇరానీ సమోసాలో ఉల్లిపాయల్లో అటుకులు కలుపుతారే, అదే ఇక్కడా చేశాను, దించాక గుప్పెడు పల్చటి అటుకులు కలిపితే అయిదు నిమిషాల్లో తడంతా పీల్చేసుకుని కూర పొడిపొడిగా అయిపోయింది. ఇది ఏ యూరప్ వంట వీడియోలోనూ నాకు కనబడలేదు, వాళ్లు బ్రెడ్ పొడి వేస్తారు, అటుకులే బాగున్నాయి.

ఆలుగడ్డ వేసేవాళ్లు సంచీ మీద మేలిష్‌కోఖెండ్ అని ఉన్నది తీసుకోండి, అది మెత్తగా పొడి అయ్యే రకం. ఫెస్ట్‌కోఖెండ్ అనేది సలాడ్ కోసం, ఎంత ఉడికినా సబ్బు ముక్కలా నిలబడుతుంది, సమోసాలోకి దండగ. ఫెటా చల్లారాకే చిదిమి కలపాలి, ఉప్పు అదే చాలా ఇస్తుంది, కూరలో సగం తగ్గించండి. పూర్తి శాకాహారులు ప్యాకెట్ మీద మైక్రోబియల్ లాబ్ అని ఉందో లేదో చూసుకోండి, లాబ్ అంటే చీజ్ కోసం పాలు విరగ్గొట్టే రెన్నెట్, అలా లేకపోతే దూడ పొట్టలోంచి తీసింది వాడి ఉండొచ్చు. పార్మెసాన్ అయితే చూడక్కర్లేదు, అసలు సిసలు ఇటలీ పార్మిజానోలో దూడ రెన్నెటే ఉంటుంది, పైన తురిమేద్దాం అనుకునేవాళ్ల కోసం చెప్తున్నా.

షీటుని నిలువుగా మూడు పట్టీలు కోసి, నూనె పల్చగా రాసి, కింది మూలలో చెంచాడు కూర పెట్టి త్రికోణంగా మడుచుకుంటూ పోవడమే. బిగించి మడిస్తే ఓవెన్‌లో పగుల్తుంది, కాస్త వదులుగానే ఉంచాలి. పైన నూనె, టర్కీ షాపులో దొరికే నల్ల జీలకర్ర. ఫ్యాన్ ఓవెన్ 180 డిగ్రీల్లో ఇరవై నిమిషాల లోపే ఎర్రబడతాయి. ఎయిర్ ఫ్రయర్‌లో ఇంకా త్వరగా అవుతాయి కానీ పై పొర గాలికి లేచిపోతుంది, అంచుకి మైదా జిగురు రాసుకోండి. నంజుకోడానికి క్వార్క్‌లో, అంటే ఇక్కడి గట్టి పెరుగులాంటి దాంట్లో, కీర, పుదీనా, దంచిన వెల్లుల్లి కలిపాను, చింతపండు చట్నీ కన్నా దీనికి ఇదే నప్పింది, ఫెటా పులుపు మీద ఇంకో పులుపు ఎక్కువైపోతుంది.

వేడిగా తింటే అయిదుకి నాలుగున్నర ఇస్తాను. గంట దాటితే మూడే, ఎందుకంటే మెత్తబడిపోతాయి, ఆఫీసు డబ్బాకి అస్సలు పనికిరావు, మైక్రోవేవ్‌లో పెడితే ఇంకా అన్యాయం. ఇంటికి చుట్టాలొస్తున్నారంటే ముందు రోజే మడిచి, కాల్చకుండా ట్రేలో ఫ్రీజర్‌లో పెట్టేసి, వాళ్లు వచ్చి కూర్చున్నాక గడ్డకట్టినవి అలాగే ఓవెన్‌లోకి తోసేయండి, నాలుగైదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. ఇండియాలో ఫిలో దొరకని చోట ఫ్రోజెన్ సమోసా పట్టీలతో కూడా ఇదే పద్ధతి నడుస్తుంది, రెండు వైపులా నూనె రాయడం మాత్రం మర్చిపోకండి.