‘ఫుల్ కవర్’ ఉందనుకుని ఆస్ట్రేలియాలో ఆరు లక్షలు పోగొట్టుకున్నాం: అద్దె వ్యాన్ తీసుకునే క్రికెట్ అభిమానులకు హెచ్చరిక

మ్యాచ్‌ల కోసం విదేశం వెళ్ళి, అక్కడ బండి అద్దెకు తీసుకుని ఊళ్ళు తిరుగుదామనుకునేవాళ్ళు డబ్బు కట్టేముందు దయచేసి ఇది చదవండి. 2027 వన్డే ప్రపంచ కప్ దక్షిణాఫ్రికా, జింబాబ్వే, నమీబియాల్లో జరగబోతోంది. మా ఆఫీసులోనే రెండు బ్యాచ్‌లు అప్పుడే రూట్ మ్యాపులు వేసుకుంటున్నాయి. మాకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదనే రాస్తున్నాను.

2024 నవంబరులో నేను, మా బావమరిది, ఇద్దరు వైజాగ్ స్నేహితులు కలిసి ఆస్ట్రేలియా వెళ్ళాం. పెర్త్‌లో మొదటి టెస్టు చూసి, రోడ్డు మీదే అడిలైడ్, అక్కడి నుంచి మెల్‌బోర్న్ చేరాలని ప్లాన్. పెర్త్ టెస్టు నాలుగో రోజే, నవంబరు 25న అయిపోయింది. 295 పరుగుల తేడాతో గెలిచాం. మన వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఆడిన మొదటి టెస్టు అది. 41, 38 నాటౌట్ కొట్టాడు. మా వాళ్ళిద్దరూ గొంతులు పోయేలా అరిచారు. అడిలైడ్ టెస్టు డిసెంబరు 6న మొదలు. చేతిలో పది రోజులున్నాయి, ఎదురుగా నల్లార్బోర్ అనే ఎడారి మైదానం మీదుగా దాదాపు 2,700 కిలోమీటర్ల దారి ఉంది.

క్యాంపర్‌వ్యాన్‌ను, అంటే లోపలే పడకలుండే వ్యాన్‌ను, హైదరాబాద్ నుంచే ఒక బుకింగ్ సైట్‌లో తీసుకున్నాం. ‘ఫుల్ ప్రొటెక్షన్, జీరో ఎక్సెస్’ అని పెద్ద అక్షరాలతో బీమా లాంటి కవర్ ఒకటి ఉంటే దానికి ఇంకో 9,800 రూపాయలు కట్టాం. ఎక్సెస్ అంటే, బండికి ఏమైనా అయితే ముందు మన జేబులోంచి పోయే మొత్తం. అది సున్నా అని రాస్తే, ఇక మనకు భయం లేదనే కదా ఎవరైనా అనుకునేది!

పెర్త్ డిపోలో కౌంటర్ దగ్గర అమ్మాయి, మా కంపెనీ సొంత కవర్ కావాలా, రోజుకు ఇంత అవుతుంది అని అడిగింది. మాకు ఆల్రెడీ ఉందని చెప్పాం. సరేనని నా క్రెడిట్ కార్డు మీద 5,000 ఆస్ట్రేలియా డాలర్లు బ్లాక్ చేసింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ఎక్సెస్ సున్నా అయితే ఐదు వేలు ఎందుకు పట్టుకుంటారు?

అసలు మోసపోయేది ఇక్కడే. సైట్ అమ్మే కవర్‌కీ అద్దె కంపెనీకీ ఏ సంబంధమూ లేదు. అవి రెండు వేర్వేరు ఒప్పందాలు. బండికి ఏమైనా అయితే అద్దె కంపెనీ మన కార్డు నుంచి మొత్తం డబ్బు లాగేసుకుంటుంది. ఆ తర్వాత మనం బిల్లులు, ఫొటోలు పంపి సైట్ వాళ్ళ దగ్గర క్లెయిమ్ చేసుకోవాలి. వాళ్ళు ఇస్తే వస్తుంది. అయితే వాళ్ళు ఒక మాట పెట్టారు: అద్దె ఒప్పందంలోని ఏ షరతు మీరినా క్లెయిమ్ చెల్లదు. అద్దె ఒప్పందంలో మరో మాట ఉంది: ఊళ్ళు దాటాక సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు బండి నడపకూడదు. కౌంటర్‌లో ట్యాబ్లెట్ మీద సంతకం పెట్టేటప్పుడు ఆ పేజీ వేలితో పైకి తోసేశాను. ఈ రెండు మాటలూ కలిస్తే ఏమవుతుందో నాకు ఎడారి మధ్యలో అర్థమైంది.

మూడో రోజు నార్స్‌మన్ అనే ఊరి నుంచి మధ్యాహ్నం బయల్దేరాం. 190 కిలోమీటర్ల తర్వాత బల్లడోనియా రోడ్‌హౌస్ వస్తుంది, అంటే దారి పక్కన పెట్రోలు, తిండి, బస దొరికే చోటు. అక్కడ చిన్న మ్యూజియంలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ముక్కలు పెట్టారు. 1979లో స్కైలాబ్ నెత్తిన పడుతుందని మన ఊళ్ళల్లో ఉన్న కోళ్ళన్నీ కోసుకు తిన్నారని మా నాన్న చెప్పేవాడు. అది చివరికి పడింది ఈ చుట్టుపక్కలే. దాన్ని చూస్తూ గంట గడిపేశాం. ఐదు దాటాక తర్వాతి రోడ్‌హౌస్ కైగునాకు బయల్దేరాం. ఆ మధ్యలోనే 146 కిలోమీటర్ల పైన ఒక్క మలుపు కూడా లేని రోడ్డు ఉంది.

పెర్త్‌లో ఏడు దాటాక పొద్దుగుంకడం రోజూ చూశాం. ఇక్కడా అంతే అనుకున్నాం. కానీ అప్పటికే వెయ్యి కిలోమీటర్లు తూర్పుకి వచ్చేశాం, ఫోన్‌లో మాత్రం ఇంకా పెర్త్ టైమే నడుస్తోంది. కైగునా దాటాకే గడియారం 45 నిమిషాలు ముందుకు తిప్పుకోమని బోర్డు వస్తుంది. అంటే పెర్త్ టైమ్ ప్రకారం అక్కడ ఆరున్నరకే సూర్యుడు దిగిపోయాడు. ఆరున్నరకు నేను ఆపుదామన్నాను. “ఇంకో ఇరవై నిమిషాలే బావా, కైగునాలో టీ తాగుదాం” అన్నాడు మా వాడు. నేనూ ఊరుకున్నాను. దారి పక్కన బండ్లు ఆపుకునే చోట్లు ఉన్నాయి, మా బండిలోనే నాలుగు పడకలున్నాయి. ఎక్కడ ఆపినా హాయిగా పడుకునేవాళ్ళం. ఇప్పటికీ రాత్రుళ్ళు అదే గుర్తొస్తుంది.

6:50కి ఎడమవైపు పొదల్లోంచి కంగారూ దూకింది. వాటికి మేతకు కదిలే వేళ సరిగ్గా అదే. బ్రేక్ వేసేలోపే దబ్బుమని తగిలింది. దిగి చూస్తే ఎడమ హెడ్‌లైట్ లేదు, బంపర్ లోపలికి నొక్కుకుపోయింది, రేడియేటర్‌లోంచి ఆకుపచ్చ నీళ్ళు ఎర్రమట్టిలోకి కారుతున్నాయి. ఆ ప్రాణి కాసేపు కాళ్ళు కొట్టుకుని ఆగిపోయింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. నలభై నిమిషాలకు ఒక పెద్ద ట్రక్కు డ్రైవర్ ఆగి, రేడియోలో కబురు చేసి, మమ్మల్ని కైగునా దాకా తీసుకెళ్ళాడు. ఆయన రుణం తీర్చుకోలేం.

కంపెనీ వాళ్ళు అడిగింది ఒకటే, ఎన్ని గంటలకు జరిగిందని. మేం చెప్పకపోయినా వాళ్ళకు తెలుసు, బండిలో ట్రాకర్ ఉంది. 6:50కి బండి ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో వాళ్ళ దగ్గర రికార్డు ఉంది. షరతు మీరారు కాబట్టి ఎక్సెస్ ఐదు వేలే అన్న పరిమితి కూడా వర్తించదన్నారు. రిపేరు 6,900, టోయింగ్ 3,100, బండి ఖాళీగా ఉన్న రోజులకు 1,400, మొత్తం 11,400 డాలర్లు. మన డబ్బుల్లో ఆరు లక్షల పైమాటే. సైట్ వాళ్ళు నాలుగు లైన్ల మెయిల్‌తో క్లెయిమ్ తిప్పికొట్టారు.

కైగునాలో కలిసిన మన దేశపు అభిమానులే మమ్మల్ని తమ వ్యాన్‌లో అడిలైడ్ చేర్చారు. మెల్‌బోర్న్ టికెట్లు అమ్మేసి, ఫ్లైట్ ముందుకు మార్చుకుని వచ్చేశాం. డిసెంబరు 28న మెల్‌బోర్న్ టెస్టులో నితీశ్ 99 మీద ఉండగా బుమ్రా అవుటవడం, మన సిరాజ్ మూడు బంతులు కాచుకోవడం, నితీశ్ ఫోర్ కొట్టి సెంచరీ పూర్తి చేయడం, స్టాండ్స్‌లో అతని నాన్నగారు కన్నీళ్ళు పెట్టుకోవడం, అన్నీ ఇంట్లో టీవీలో చూశాం. ఆ స్టేడియంలో మా నాలుగు సీట్లలో ఎవరో కూర్చుని ఉన్నారు. డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు కానీ, ఆ రోజు మళ్ళీ రాదు.

మీరు బుక్ చేస్తుంటే సైట్‌లోని ప్రకటన పక్కన పెట్టి, అద్దె కంపెనీ షరతుల పూర్తి కాపీ అడిగి తెప్పించుకోండి. అందులో రాత్రి ప్రయాణం, జంతువులు తగలడం, మట్టిరోడ్లు, అద్దాలు, టైర్లు, బండి పైకప్పు, అడుగు భాగం గురించి ఏం రాశారో వెతకండి. ఎక్కువగా కవర్ కానివి ఇవే. నమీబియాలో మట్టిరోడ్లే ఎక్కువ, కాబట్టి అటు వెళ్ళేవాళ్ళు టైర్ల సంగతి ముందే తేల్చుకోండి. కౌంటర్‌లో ఇచ్చే కవర్ రోజుకు ఖరీదే, అయినా ఎక్సెస్‌ను అసలు ఒప్పందంలోనే తగ్గించేది అదే. దానికీ ఈ షరతులుంటాయి, మర్చిపోవద్దు. డిపాజిట్‌కు డ్రైవర్ పేరు మీద ఉన్న క్రెడిట్ కార్డే వాడండి. డెబిట్ కార్డయితే ఖాతాలోంచి డబ్బు నిజంగానే పోయి, తిరిగొచ్చేటప్పుడు మారకం రేటులో కొంత తరుగుతుంది. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్టీఓ ఆఫీసులో తీసుకోండి, ఏడాది చెల్లుతుంది. బండి తీసుకునేటప్పుడు కింద పడుకుని అయినా సరే, అడుగు భాగం కూడా వీడియో తీయండి.

రోజూ పొద్దున బయల్దేరేముందు, రాత్రికి ఆగబోయే ఊరి పేరు కొట్టి అక్కడి సూర్యాస్తమయం చూసుకోండి. దానికి గంట ముందే బండి ఆగిపోయేలా లెక్క వేసుకోండి. ఆఫీసులో ఆ రెండు బ్యాచ్‌లకూ నా ఒప్పందం కాపీ ఇచ్చాను, రాత్రి ప్రయాణం షరతు ఉన్న పేజీకి పసుపు రంగు పూసి.