రియాక్ట్ పోర్టల్: ఏడేళ్లు వాడాక

రియాక్ట్ అంటే వెబ్ పేజీల తెరలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ. అందులో ఒక కాంపొనెంట్‌ని, అంటే తెర ముక్కని, పేజీలో వేరే చోట చూపించే సదుపాయమే పోర్టల్. దాని అవసరం నాకు మొదటిసారి ఒక టేబుల్ దగ్గర వచ్చింది. ఆర్డర్ల జాబితా, ప్రతి వరుస చివర మూడు చుక్కల బటన్, నొక్కితే చిన్న మెనూ. టేబుల్ అడ్డంగా జరగాలి కాబట్టి చుట్టూ ఉన్న డివ్‌కి ఓవర్‌ఫ్లో ఆటో (పెట్టెలో పట్టనిదాన్ని దాచి, జరిపితే చూపించే సీఎస్ఎస్ నియమం) పెట్టాం. దాంతో ఆఖరి వరుసలో మెనూ తెరిస్తే పై సగమే కనపడేది, మిగతాది టేబుల్ అంచు దగ్గర కోసేసినట్టు ఆగిపోయేది. ఏది పైన కనపడాలో చెప్పే జెడ్-ఇండెక్స్ అంకె 10 పెట్టాం, 999 పెట్టాం, 99999 దాకా వెళ్లాం. ఏమీ మారలేదు. ఓవర్‌ఫ్లో కోసేదాన్ని జెడ్-ఇండెక్స్ కాపాడలేదని అప్పుడు తెలిసింది. పై ఎలిమెంట్లలో ఎక్కడైనా ఒక ట్రాన్స్‌ఫార్మో, 1 కంటే తక్కువ ఒపాసిటీయో ఉంటే ఇంకో చిక్కు: అక్కడ కొత్త స్టాకింగ్ కాంటెక్స్ట్ (పైన-కింద వరుసని విడిగా లెక్కించే గుంపు) మొదలవుతుంది, లోపలి అంకె ఎంత పెద్దదైనా ఆ గడప దాటదు.

పోర్టల్ వేసే క్రియేట్‌పోర్టల్ ఫంక్షన్ 2017 సెప్టెంబరులో రియాక్ట్ 16తో వచ్చింది. ఏం చూపించాలో, ఏ డామ్ నోడ్‌లో (డామ్ అంటే బ్రౌజర్ పేజీని ఉంచుకునే చెట్టు, నోడ్ అంటే అందులో ఒక చోటు) చూపించాలో చెప్తే చాలు. మెనూని డాక్యుమెంట్ బాడీలోకి పంపగానే కోత పోయింది. కానీ బటన్ పక్కన ఉండాల్సిన మెనూ ఇప్పుడు ఎక్కడో పేజీ చివర ఉంది. బటన్ కొలతలు తీసి, స్క్రోల్ అయినప్పుడల్లా స్థానం మళ్లీ లెక్కగట్టాలి. ఆ పని మొదట్లో పాపర్‌కి, తర్వాత ఫ్లోటింగ్ యూఐకి, అంటే స్థానం లెక్కగట్టే లైబ్రరీలకి, అప్పగించాను. సొంతంగా రాసుకోవద్దని కొత్తవాళ్లకి ఇప్పటికీ చెప్తుంటాను.

పోర్టల్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది, అన్నిటికంటే ఎక్కువ నిద్ర చెడగొట్టింది, రెండూ ఒకటే. అందులో పెట్టిన కాంపొనెంట్ ఊరు మారుతుంది గాని ఇంటిపేరు మారదు. డామ్‌లో బాడీ కింద ఉన్నా, రియాక్ట్ లెక్కలో పాత పేరెంట్ బిడ్డే. అందుకే థీమ్, లాగిన్ వివరాలు, భాష ఎంపిక లాంటివన్నీ కాంటెక్స్ట్ (పేరెంట్ నుంచి లోపలి కాంపొనెంట్లకి వివరాలు అందించే రియాక్ట్ ఏర్పాటు) ద్వారా మామూలుగానే అందుతాయి. క్లిక్, సబ్మిట్ లాంటి ఈవెంట్లు కూడా అదే దారిలో పేరెంట్ వైపు పైకి వెళ్తాయి.

ఆ దారి మమ్మల్ని ఒకసారి గట్టిగానే దెబ్బకొట్టింది. చెక్అవుట్ పేజీ మొత్తం ఒక ఫారం. అందులో 'కొత్త చిరునామా' నొక్కితే పోర్టల్‌లో డైలాగ్ తెరుచుకుంటుంది, దానిలో ఇంకో చిన్న ఫారం. డామ్‌లో రెండూ వేర్వేరు చోట్ల ఉన్నాయి, ఇన్‌స్పెక్టర్‌లో చూస్తే ఏ తప్పూ కనపడదు. కస్టమర్ చిరునామా సేవ్ చేయగానే లోపలి ఫారం సబ్మిట్ ఈవెంట్ రియాక్ట్ చెట్టు వెంట పైకెళ్లి బయటి ఫారం ఆన్‌సబ్మిట్‌ని పిలిచింది. చిరునామా మాత్రమే సేవ్ చేసినవాళ్లకి ఆర్డరే ఖరారైపోయింది. రెండు రోజులు వెతికాం. లోపలి హ్యాండ్లర్‌లో స్టాప్‌ప్రొపగేషన్ (ఈవెంట్‌ని పైకి పోనివ్వకుండా ఆపేది) అని ఒక్క వరుస పెట్టాక ఆగింది. పోర్టల్ దగ్గర ఈవెంట్లని ఆపేసే ఆప్షన్ రియాక్ట్‌లో ఉండాల్సిందని నేను అప్పటినుంచీ అనుకుంటున్నాను. ఎంత మంది అడిగినా ఇవ్వలేదు.

'బయట నొక్కితే మూసెయ్యి' లాజిక్‌లో ఇదే తలకిందులుగా ఎదురవుతుంది. డైలాగ్‌లో ఒక డ్రాప్‌డౌన్, అదీ పోర్టలే. డామ్‌లో అది డైలాగ్ బయట ఉంది కాబట్టి కంటెయిన్స్‌తో (ఒక నోడ్ ఇంకోదాని లోపల ఉందా అని డామ్‌లో చూసేది) చెక్ చేస్తే బయటి క్లిక్ అనుకుని, జిల్లా ఎంచుకోబోతుండగానే డైలాగ్ మొత్తం మూసేస్తుంది.

తెలుగులో యాప్ చేసేవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. సీఎస్ఎస్ వారసత్వం డామ్ వెంటే వస్తుంది, రియాక్ట్ వెంట రాదు. మేం లాంగ్ టీఈ (భాష తెలుగని చెప్పే గుర్తు), తెలుగు ఫాంటు, 1.8 లైన్ హైట్ అన్నీ రూట్ డివ్ మీద పెట్టాం. బాడీకి మాత్రం ఇంగ్లిష్ కోసం ఎప్పుడో పెట్టిన 1.2 ఉండిపోయింది. పేజీ అంతా చక్కగా ఉంది. డైలాగ్ తెరిస్తే ఫాంటు వేరు, 'రద్దు చేయండి' బటన్‌లో ద వత్తు కింద సగం తెగిపోయి ఉంది. టెస్టర్ ఫొటో పంపితే మొదట ఫాంటు ఫైలునే అనుమానించాం. ఆ మూడిటినీ హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ మీదికి మార్చి, బాడీ మీది 1.2 తీసేశాక సరైంది. డార్క్ మోడ్ క్లాసుకీ ఇదే వర్తిస్తుంది.

కీబోర్డుతో, స్క్రీన్ రీడర్‌తో వాడేవాళ్ల సంగతి పోర్టల్ అసలు పట్టించుకోదు. ట్యాబ్ వరుస డామ్ ప్రకారం నడుస్తుంది. డైలాగ్ తెరిచినప్పుడు ఫోకస్ లోపలికి తేవడం, అక్కడే నిలపడం, మూశాక మళ్లీ అదే బటన్ దగ్గరికి చేర్చడం, అన్నీ మనమే రాయాలి. మేం మొదటి రెండేళ్లు ఇది రాయలేదు. ఒక అంధ వినియోగదారు ఫోన్ చేసి, డైలాగ్ తెరుచుకున్నట్టే తమకి తెలియడం లేదని చెప్పాకే రాశాం. అది చాలా ఆలస్యం.

సర్వర్ రెండరింగ్‌లో (పేజీని సర్వర్‌లోనే తయారుచేసి పంపేటప్పుడు) పోర్టల్ పనిచేయదు, బ్రౌజర్‌లో మౌంట్ అయ్యాకే, అంటే కాంపొనెంట్ పేజీలోకి చేరాకే వేయాలి. ఇది అలవాటైపోతుంది.

ఇప్పుడు ఎవరైనా డైలాగ్ కావాలంటే ముందు బ్రౌజర్ సొంత డైలాగ్ ఎలిమెంట్ చూడమంటాను. 2022 మార్చిలో ఫైర్‌ఫాక్స్, సఫారీ కూడా ఇచ్చాక పెద్ద బ్రౌజర్లన్నిటిలో ఉంది. షోమోడల్‌తో తెరిస్తే అది టాప్ లేయర్‌లోకి (అన్నిటికంటే పైన బ్రౌజర్ వేసే పొర) వెళ్తుంది, ఓవర్‌ఫ్లో కోయదు, జెడ్-ఇండెక్స్ అక్కర్లేదు, వెనక పేజీలో నొక్కడం, ఫోకస్ వెళ్లడం దానంతటవే ఆగిపోతాయి, ఎస్కేప్ నొక్కితే మూతపడుతుంది. డామ్‌లో చోటు మారదు కాబట్టి తెలుగు ఫాంటూ పోదు. చిన్న మెనూలకి అలాగే టాప్ లేయర్‌లో తెరుచుకునే బ్రౌజర్ సొంత పాపోవర్ ఉంది, 2024 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్ 125తో అదీ అన్నిచోట్లా చేరింది.

ఆ ఆర్డర్ల టేబుల్ మెనూని ఈ మధ్యే పాపోవర్‌కి మార్చాను. చిరునామా డైలాగ్ మాత్రం పోర్టల్‌లోనే ఉంచాను. ఫారంలో ఫారం పెట్టడం హెచ్‌టీఎంఎల్ ఒప్పుకోదు, లోపలిదాన్ని డామ్‌లో బయటికి తేవడానికి మాకు సులువైన దారి పోర్టలే. ఆ స్టాప్‌ప్రొపగేషన్ వరుస మీద, అది ఎందుకుందో, తీసేస్తే ఎవరి డబ్బు పోతుందో రెండు లైన్ల కామెంట్ రాసిపెట్టాను.