టిక్కా టీ3ఎక్స్ లైట్: నాలుగుసార్లు పందుల వేటకు తీసుకెళ్ళాక

ఈ రైఫిల్ కొనేముందు నేనూ వీడియోలు చాలా చూశాను. అందరూ బల్ల మీద ఇసుక సంచి పెట్టుకుని, కుర్చీలో కూర్చుని కాల్చి, కాగితం మీద చిల్లులు చూపిస్తారు. రాళ్ళలో మూడు మైళ్ళు నడిచి, ఇంకా ఆయాసం తీరకముందే పంది ఎదురుపడితే ఈ తుపాకీ ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు. అందుకే కొన్న వెంటనే రాయకుండా నాలుగుసార్లు తీసుకెళ్ళి వచ్చాక రాస్తున్నాను.

నాది .308 విన్‌చెస్టర్ అనే సైజు తూటా వాడే రకం. ఫిన్లాండ్‌లో సాకో వాళ్ళు తయారుచేస్తారు. స్కోప్ (గురిచూసే దుర్భిణి) లేకుండా దాదాపు 2.9 కిలోలు, గొట్టం 22 అంగుళాల పైచిలుకు, మ్యాగజైన్‌లో మూడు తూటాలు పడతాయి. స్టాక్, అంటే భుజానికి ఆనించే భాగం, ప్లాస్టిక్, మ్యాగజైన్ కూడా ప్లాస్టిక్కే కాబట్టి చేతిలోకి తీసుకోగానే ఇంత డబ్బు దీనికా అనిపిస్తుంది. తూటాని గొట్టంలోకి తోసే కడ్డీని బోల్ట్ అంటారు, దాన్ని ఒక్కసారి వెనక్కి లాగి చూడండి, ఆ మాట మళ్ళీ అనరు. ఎక్కడా పట్టేయదు, గరగరమనదు, రెండు వేళ్ళతో ముందుకు తోస్తే చాలు తూటాని తీసుకుని లోపలికి వెళ్ళిపోతుంది. పైగా బోల్ట్ చేతిపిడి 70 డిగ్రీలే పైకి లేస్తుంది కాబట్టి వేళ్ళు స్కోప్‌కి తగలవు. ట్రిగ్గర్ గురించి ఎంత చెప్పినా తక్కువే. వేలు ఆనించాక సాగదు, ఎండిన కందిపుల్ల విరిగినట్టు పుటుక్కుమంటుంది, అంతే.

మొదటిరోజు మాత్రం టెన్షన్ పెట్టింది. స్కోప్ బిగించి ఇచ్చింది ఒక షాపువాళ్ళు. వంద గజాల దగ్గర కాలిస్తే ఒక తూటా పైన, ఒకటి కింద, ఒకటి ఎక్కడో పక్కన, అయిదంగుళాల మేర చెల్లాచెదురుగా పడ్డాయి. నా చేతి తప్పనుకుని ఇరవై తూటాలు తగలేశాను. చివరికి స్కోప్ పట్టుకుని కాస్త ఒత్తిచూస్తే కదులుతోంది! రింగుల స్క్రూలు సగమే బిగించారు. ఇంటికొచ్చి టార్క్ రెంచితో నేనే బిగించుకుని మర్నాడు మళ్ళీ వెళ్ళాను. 150 గ్రెయిన్ (తూటా బరువు కొలత) సాఫ్ట్ పాయింట్, అంటే మొన మెత్తగా ఉండే, తూటాలతో మూడు చిల్లులూ మన పది రూపాయల నాణెం కింద దాగిపోయేంత దగ్గరగా పడ్డాయి. ఎవరు బిగించి ఇచ్చినా సరే, మీరు ఒకసారి చూసుకోండి.

ఇక అసలు సంగతి. టెక్సాస్‌లో లానో దగ్గర, ఆస్టిన్ నుంచి గంటన్నర దూరంలో తెలిసినవాళ్ళ పొలం ఉంది. నేలంతా గ్రానైట్ రాళ్ళు, నాగజెముడు, మెస్కీట్ చెట్లు. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకు దాయాదే, ముల్లు గుచ్చుకుంటే అదే సలుపు. ఆ పొలంలో వాగు పక్కన పందులు తవ్విపోసిన నేల చూసినప్పుడు నాకు అనంతపురం దగ్గర మా చేనే గుర్తొచ్చింది. వేరుశనగ ఊడలు దిగే వేళకి ఒక్క రాత్రిలో నాగలి పెట్టి దున్నినట్టు చేసి పోయేవి, మా నాన్న మంచె మీద రేకు డబ్బా వాయిస్తూ తెల్లవార్లూ కూర్చునేవాడు. ఆ పొలం యజమాని మొహంలోనూ అదే అలసట.

మూడోసారి వెళ్ళినప్పుడు తెల్లారుతుండగా ఏడెనిమిది పందులు వాగు దాటి వచ్చాయి. నాతో వచ్చిన అన్న మోకాళ్ళ మీద కూర్చుని నా భుజం నొక్కి, "ఆగరా, వెనక ఇంకోటి ఉంది, అది తప్పుకోనీ" అన్నాడు. ఆగాను. చివరికి ఒకటి విడిగా పక్కకు తిరిగి నిలబడింది, వెనక మట్టి కట్ట ఉంది, దూరం నూట ఇరవై గజాలు. పందికి గుండె జింకకంటే ముందుకీ కిందికీ ఉంటుంది. జింకకు పెట్టినట్టు భుజం వెనక గురిపెడితే పొట్టలో తగిలి ఎక్కడికో పోయి బాధపడి చస్తుంది. నేను ముందుకాలి మీదుగా కిందికే పెట్టాను, అయినా అది ఒక అడుగు వేసింది, తూటా అనుకున్నదానికంటే వెనగ్గా తగిలింది. పరుగెత్తింది. అప్పుడు నా చెయ్యి బోల్ట్ ఎప్పుడు లాగిందో, ఎప్పుడు మూసిందో నాకు తెలియదు, చెంప స్టాక్ మీదనుంచి లేవలేదు, స్కోప్‌లోంచి పంది తప్పిపోలేదు. రెండో తూటాకి అక్కడికక్కడే పడిపోయింది. నేను ఈ రైఫిల్‌కి ఇచ్చిన డబ్బంతా ఆ రెండో తూటాకే అనుకుంటాను.

ఇబ్బందులూ చెప్పాలి. తేలిక కాబట్టి గట్టిగానే తంతుంది. దీనికి ముందొచ్చిన టీ3 మోడల్ కంటే దీనికి వెనక రబ్బరు ప్యాడ్ మెరుగే అయినా ప్రాక్టీసు చేసే రేంజిలో ఇరవై తూటాలు దాటితే భుజం సలుపుతుంది. సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) వేస్తే బోల్ట్ కూడా లాక్ అవుతుంది, పొదల్లో నడిచేటప్పుడు అది మంచిదే, కానీ లోపలి తూటా తీయాలంటే ముందు సేఫ్టీ తీయాల్సిందే. అందుకని గొట్టం మూతి ఎటు ఉందో చూసుకోకుండా ఆ పని చేయకండి. ఈ మోడల్‌కి గొట్టం మీద గురిచూసే ఇనుప సైట్లు ఉండవు, స్కోప్ ఖర్చు వేరే.

మనవాళ్ళు తరచూ అడిగేది ఒకటుంది. టెక్సాస్‌లో 2019 సెప్టెంబర్ నుంచి ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే అడవి పందుల వేటకు లైసెన్సు అక్కర్లేదు. కానీ హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే అందులో మినహాయింపు ఉంది. కాబట్టి పందులకు అక్కర్లేదు కదా అని లైసెన్సు మానేయకండి. పందిని కోసేటప్పుడు చేతికి గ్లవ్స్ కూడా వేసుకోండి, అడవి పందుల నుంచి బ్రుసెల్లోసిస్ అనే జ్వరం జబ్బు మనుషులకు అంటుకుంటుంది.

బెంచి మీద కూర్చుని రోజుకి వంద కాల్చేవాళ్ళయితే ఇంతకంటే బరువైనది చూసుకోండి. నడిచి వేటాడేవాళ్ళయితే ఇదే కొనండి. నేను ఇంకో మ్యాగజైన్‌కి ఆర్డర్ పెట్టాను, నవంబర్‌లో జింకల సీజన్ మొదలయ్యేలోపు వస్తే చాలు.