గౌట్ ఉన్న నేను రెండేళ్ల పైన వాడిన కీళ్ల మాత్రలు

గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ కలిసిన కీళ్ల మాత్రలను 2 సంవత్సరాల 3 నెలలు వాడాను. మధ్యలో 4 నెలలు పసుపు సారం క్యాప్సూళ్లు కూడా వేసుకున్నాను. నాకున్నది గౌట్, అంటే యూరిక్ యాసిడ్ పేరుకుని కీళ్లు వాచే జబ్బు. ఆ మాట ముందే చెప్పాలి. మోకాలి గుజ్జు అరిగినవారి నొప్పి వేరు, నాది వేరు. ఆ తేడా తెలియకే ఇంతకాలం పోగొట్టుకున్నాను.

మాది తిరుపతి. ఏటా అలిపిరి నుంచి 3,550 మెట్లూ చెప్పులు లేకుండా ఎక్కడం మా ఇంటి ఆనవాయితీ. అలా ఎక్కి వచ్చిన రాత్రే మొదటిసారి కుడికాలి బొటనవేలు మొదట్లో మంట పుట్టింది. తెల్లవారేసరికి అక్కడ ఎర్రగా వాచి, చర్మం నిగనిగలాడుతోంది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయినంత పని అయింది. మెట్లెక్కినందుకే అనుకున్నాను. మందుల దుకాణంలో చెబితే, గుజ్జు అరిగి ఉంటుందని ఈ మాత్రల డబ్బా చేతిలో పెట్టారు. రోజుకు రెండు, నెలకు దాదాపు 1,100 రూపాయలు.

పది రోజుల్లో నొప్పి పూర్తిగా పోయింది. నన్ను మోసం చేసింది సరిగ్గా ఇదే. గౌట్ నొప్పి మందు వేసుకున్నా వేసుకోకపోయినా సాధారణంగా వారం రెండు వారాల్లో దానంతట అదే సద్దుమణుగుతుంది. ఆ సంగతి తెలియక ఆ మేలంతా మాత్రల ఖాతాలో వేశాను. నాలుగు నెలలకు మళ్లీ వస్తే, మధ్యలో రెండు రోజులు మాత్ర మరిచిపోయినందుకే వచ్చిందని నన్ను నేనే తప్పుపట్టుకున్నాను.

గౌట్‌లో గుజ్జుకు ముందుగా వచ్చే కష్టం ఏమీ లేదు. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై, సూదుల్లాంటి స్ఫటికాలుగా మారి కీలులో పేరుకుంటుంది. వాటిపై మన ఒంట్లోని రక్షణ కణాలు విరుచుకుపడడమే ఆ వాపు, ఆ మంట. గ్లూకోసమైన్ ఆ స్ఫటికాలను కరిగించదు. అసలు మోకాలి అరుగుదలకే 2006లో అమెరికాలో 1,500 మందికి పైగా రోగులపై చేసిన పెద్ద పరీక్షలో, మొత్తం మీద చూస్తే ఇది ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని తేలలేదు.

మరి హాని చేసిందా? నా వరకు చూస్తే, మాత్రలు వాడకముందు యూరిక్ యాసిడ్ 8.6, రెండేళ్ల తర్వాత 8.9. ఆ కాస్త తేడాను మాత్రల మీదికి నెట్టడం న్యాయం కాదు. గ్లూకోసమైన్‌ను ఎక్కువగా రొయ్య, పీత పెంకుల నుంచి తీస్తారు కాబట్టి రొయ్యలంత చెడ్డదేమో అని చాలామంది భయపడతారు. యూరిక్ యాసిడ్‌ను పెంచే ప్యూరిన్లు ఉండేది ప్రధానంగా మాంసంలో, పెంకులో కాదు. కానీ రొయ్యలు పడనివారు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. నా మనసును నొప్పించింది ఇంకోటి: శనివారం నీచు ముట్టని నేను, డబ్బా మూలన ఉన్న మాంసాహారపు గుర్తును ఏడాది తర్వాత గానీ చూడలేదు. దాని పక్కనే ‘ఔషధంగా వాడరాదు’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యమూ ఉంది.

నాకు జరిగిన అసలు నష్టం ఆలస్యం. మొదటి ఏడాది రెండుసార్లు వచ్చిన నొప్పి రెండో ఏడాది ఐదుసార్లు వచ్చింది. మోచేతి దగ్గర శనగగింజంత గట్టి బుడిపె లేచింది. లోపల తెల్లగా, సుద్దలా కనిపించేది. అప్పుడు గానీ కీళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లలేదు.

ఆవిడ ముందుగా నేను మింగేవన్నీ బల్ల మీద పెట్టమన్నారు. బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ ఉంది. అది యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. నా ఆహారాన్ని, రాగి సంగటిలోకి తినే తలకాయ కూరను ఎంతో మంది తప్పుపట్టారు గానీ ఆ మాత్ర గురించి అంతవరకు ఎవరూ అడగలేదు. దాని స్థానంలో లోసార్టాన్ ఇచ్చారు. ఇది చదివి బీపీ మాత్రను మీ అంతట మీరు మానకండి. పసుపు క్యాప్సూళ్ల సంగతి కూడా అక్కడే బయటపడింది. కాలేయ పరీక్షలో, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ 96 వచ్చింది, మానేశాక రెండు నెలలకు మామూలైంది. కూరలో వేసే చిటికెడు పసుపు వేరు, మిరియాల సారం కలిపి ఒంటికి ఎక్కువ పట్టేలా చేసిన క్యాప్సూల్ వేరు. వాటితో కాలేయం దెబ్బతిన్నవారు ఉన్నారు.

యూరిక్ యాసిడ్‌ను తగ్గించే అల్లోప్యూరినాల్ మందును 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే ఆపి రమ్మన్నారు. మొదటి నెలల్లో నొప్పి తిరగబెట్టవచ్చని తోడుగా కొద్ది మోతాదు కొల్చిసిన్ ఇచ్చారు. నిజంగానే ఒకసారి తిరగబెట్టింది, అయినా మానలేదు. 6 లోపు ఉండాల్సిన యూరిక్ యాసిడ్ ఇప్పుడు 5.3. నొప్పి వచ్చి పదకొండు నెలలైంది, మోచేతి బుడిపె మెత్తబడుతోంది.

పోయిన నెల మా బావమరిది వచ్చి, “మీరు వాడట్లేదు కదా బావా, ఆ డబ్బా నాకివ్వండి, మోకాళ్లు లాగుతున్నాయి” అన్నాడు. అతనికి గుండె కవాటం మార్చారు, రక్తం పలుచగా ఉంచే వార్ఫరిన్ వాడుతున్నాడు. గ్లూకోసమైన్ దానితో కలిస్తే రక్తం మరీ పలుచబడి రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. ఇవ్వనన్నాను. చిన్నబుచ్చుకున్నాడు. మరునాడు అతన్ని వెంటబెట్టుకుని అతని గుండె డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాను. ఆయనా వద్దన్నారు.

ఇంటికొచ్చి ఆ డబ్బాలో మిగిలిన 22 మాత్రలూ పారేశాను.